పని తెలిసిన చేతికి పంతులమ్మ కుర్చీ

మీ ఇంట్లో డిగ్రీ చదివే పిల్లలున్నారా? ఉంటే ఈ రాత్రి భోజనాల దగ్గర వాళ్లని ఒక్క మాట అడిగి చూడండి. "మీకు పాఠం చెప్పేవాళ్లు ఆ పని ఎప్పుడైనా చేశారా?" అని. అకౌంట్లు చెప్పే ఆయన ఏ కొట్లోనైనా కూర్చుని పద్దులు రాశారా? వ్యవసాయం చెప్పే ఆయన ఒక్క పంటైనా చేతికి తెచ్చుకున్నారా? బట్టల డిజైనింగు చెప్పే ఆవిడ పెళ్లి ముహూర్తానికి ముందురోజు రాత్రి జాకెట్టు కుట్టి ఇచ్చిన పాపాన పోయిందా?

పిల్లలు నవ్వుతారు. మావాడూ నవ్వాడు. "వాళ్లకి పీహెచ్‌డీలు ఉంటాయమ్మా, నీకెందుకు?" అన్నాడు.

పీహెచ్‌డీని నేను తక్కువ చేసి మాట్లాడటం లేదండీ. నేను చదివింది ఇంటర్మీడియెట్. ఆపైన చదవాలని ఎంత ఉన్నా కుదరలేదు. చదువుకున్నవాళ్లంటే నాకు గౌరవమే, కొంచెం భయం కూడా. అయినా ఈ ప్రశ్న నా బుర్రలో దూరడానికి కారణం ఉంది. రెండేళ్ల క్రితం ఏప్రిల్ నెలాఖర్లో నేను ఒక ఆడపిల్లల డిగ్రీ కాలేజీకి వెళ్లి పాఠం చెప్పి వచ్చాను. ఆవకాయ పాఠం.

మీరూ నవ్వుతున్నారు కదూ?

మా ఇంటికి రెండిళ్ల అవతల ఒక లెక్చరరమ్మ ఉంటుంది. ఫుడ్ సైన్సు చెబుతుంది. నాకంటే పదిహేనేళ్లు చిన్నది. నేను ఏటా వేసవిలో పచ్చళ్లు పెట్టి అమ్ముతాను. ఇరవై రెండేళ్లుగా ఇదే పని. మొదట వీధిలోవాళ్లకి, తర్వాత వాళ్ల చుట్టాలకి, ఇప్పుడు అమెరికాలో ఉన్న వాళ్ల పిల్లలకి. ఆ అమ్మాయీ నా దగ్గరే కొంటుంది. ఒకరోజు జాడీ పట్టుకుపోవడానికి వచ్చి, "పిన్నిగారూ, మా పిల్లలకి ఊరగాయల పాఠం ఉంది. పుస్తకంలో ఉన్నదంతా నేను చెప్పగలను. చేసి చూపించడానికి మీరు రావాలి" అంది.

మూడుసార్లు కాదన్నాను. మావారు పేపరు పక్కన పెట్టి, "నలభై మంది పిల్లల ముందు నీకు నోరు పెగులుతుందా?" అన్నారు. ఆ మాటకి రోషం వచ్చి ఒప్పుకున్నాను. లేకపోతే వెళ్లేదాన్ని కాదేమో!

ఇంత అంటే ఎంత?

కాలేజీలో ఆ గదిని ల్యాబు అంటారు. స్టీలు బల్లలు, గ్రాములో వందో వంతు కూడా చూపించే కాటా, వరసగా నాలుగు మిక్సీలు. నేను కాయలు కొట్టే కత్తి, ఎండబెట్టి దంచిన కల్లు ఉప్పు, నువ్వుల నూనె, పాత చీర గుడ్డలు పట్టుకెళ్లాను. ఆ గుడ్డలు చూసి ఇద్దరు పిల్లలు మొహమొహాలు చూసుకున్నారు.

చెప్పడం మొదలుపెట్టాను. "ముక్కల్లో ఉప్పు ఇంత వెయ్యాలి" అని దోసిలి చూపించాను. ముందు బల్ల దగ్గర నిలబడ్డ పిల్ల కలం పట్టుకుని, "ఇంత అంటే ఎంత ఆంటీ?" అంది. సరే, గిన్నె లెక్క చెప్పాను. ముక్కలు నాలుగు గిన్నెలైతే కారం ఒక గిన్నె, ఆవపిండి ఒక గిన్నె, ఉప్పు ముప్పావు గిన్నె, నూనె ఒక గిన్నె, తర్వాత కావలసినంత. మీ అందరికీ తెలిసిన లెక్కే. "గిన్నె ఎన్ని గ్రాములు?" అంది. "ఏ గిన్నె అయినా ఒకటేనమ్మా, దానితోనే అన్నీ కొలవాలి" అన్నాను. రాసుకుంది. "ఉప్పు ముప్పావే ఎందుకు? అర గిన్నె వేస్తే ఏమవుతుంది?" "బూజు పడుతుంది." "ఎందుకు పడుతుంది?"

అక్కడ ఆగిపోయాను. నిజం చెప్పొద్దూ, ఇరవై రెండేళ్లలో ఆ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. నేనూ అడుక్కోలేదు. "మా అత్తగారు అలా చెప్పారమ్మా" అన్నాను. గదంతా గొల్లుమంది.

లెక్చరరమ్మ మాత్రం నవ్వలేదు. నేను కలిపిన పచ్చడంతా తూయించింది. రెండున్నర కిలోలు. నేను కొలిచిన ఉప్పు 400 గ్రాములు. అంటే నూటికి 16 పాళ్లు. బోర్డు దగ్గరికి వెళ్లి చెప్పింది: ఉప్పు నూటికి 15 పాళ్లు దాటితే పదార్థాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవుల్లో చాలా రకాలు బతకలేవు. ఉప్పు ముక్కలోని నీటిని బయటికి లాగేస్తుంది, ఆ క్రిములకీ నీళ్లు దొరక్కుండా చేస్తుంది. మామిడికాయ పులుపు ఇంకో కాపలా. పులుపుని కొలిచే లెక్క ఒకటి ఉందట, పీహెచ్ అంటారు. అది 4.6 కంటే తక్కువ ఉంటే, అంటే పులుపు బాగా ఉంటే, డబ్బాల్లో నిలవ ఉంచిన తిండిని విషం చేసే బొట్యులిజం క్రిమి పెరగలేదు. పైన తేలే నూనె గాలిని లోపలికి రానివ్వదు. బూజుకి గాలి కావాలి. ఆవాల ఘాటు కూడా క్రిములకి పడదు.

నేను బల్ల పక్కన స్టూలు మీద కూర్చుని నోరు తెరుచుకుని విన్నాను. మా అత్తగారు ఎన్నడూ చెప్పని మాటలివి. ఆవిడకి తెలియదు. కానీ ఆవిడ ముప్పావు గిన్నె నూటికి 16 పాళ్ల దగ్గరికి వచ్చి ఆగింది చూశారా!

ఇప్పుడు రెండోవైపు కూడా చెప్పాలి. లేకపోతే నన్ను నేను చిన్నబుచ్చుకున్నట్టు ఉంటుంది.

పిల్లలు తమ వంతుగా చేసే పచ్చడికి ఆవాలు మిక్సీలో వేసి అదేపనిగా తిప్పారు. పొడి వెచ్చగా అయింది. నేను ఒక్క చిటికెడు నాలిక మీద వేసుకుని, "చేదెక్కింది, పారబొయ్యండి" అన్నాను. లెక్చరరమ్మ ఆశ్చర్యపోయింది. ఆవపిండి ఎంత వెయ్యాలో పుస్తకంలో ఉంది కానీ ఆవాలు ఎండబెట్టి, చల్లారనిచ్చి, ఆపి ఆపి తిప్పాలని లేదు. అలాగే "కాయలు కడిగి ఆరబెట్టవలెను" అని ఉంది. ఒకే ఒక్క ముక్క! ఆ ఒక్క ముక్కే మన ఇళ్లలో సగం పూట పని. ఒక్కో కాయనీ పొడి గుడ్డతో తుడవాలి, తొడిమ దగ్గర ఇంకోసారి తుడవాలి, ఫ్యాను కింద పరవాలి, ముక్క కొట్టాక జీడి తీసి లోపలి పొర గీకి మళ్లీ తుడవాలి. పాత చీర గుడ్డలు ఎందుకు తెచ్చానో అప్పుడు తెలిసింది పిల్లలకి.

ఉప్పు సంగతి ఇంకా బాగుంటుంది. ఒక బల్లవాళ్లు పేకెట్ ఉప్పు తీసుకున్నారు. అదే ముప్పావు గిన్నె తూస్తే నా కల్లు ఉప్పు పొడి కంటే అరవై డెబ్భై గ్రాములు ఎక్కువ తూగింది. సన్న ఉప్పు గిన్నెలో దిట్టంగా సర్దుకుంటుంది మరి. కొత్తగా కాపురానికి వెళ్లిన అమ్మాయిలు "అమ్మ చెప్పినట్టే వేశాను, ఉప్పు కషాయం అయింది" అని ఏడ్చేది ఇందుకే. గిన్నె లెక్క నాది. తూకం లెక్క ఆవిడది. రెండూ ఒకే గదిలో ఉంటే కానీ ఆ తేడా బయటపడలేదు.

కలం పట్టుకున్న ఆ పిల్లకి నా మీద ఇంకా అనుమానం పోలేదు. నాచేత గుప్పెడు ఉప్పు అయిదుసార్లు తీయించి అయిదుసార్లూ తూచింది. రెండు మూడు గ్రాముల తేడా! "మేడమ్, ఈవిడ చెయ్యే కాటా" అంది. ఆ మాట మావారికి ఇంటికొచ్చి చెప్పాను లెండి. రెండుసార్లు.

తడి గరిటె ఎవరు పెట్టారు?

ఇంతటితో అయితే సరదా కబురే. కానీ ఆ మధ్యాహ్నం ఇంకొకటి జరిగింది. అది చెప్పకుండా ఉండలేను.

బూజు మాట వచ్చింది కనుక, ఒక ఏడాది నాకు పదిహేను కిలోల ఆవకాయ పాడైన సంగతి చెప్పాను. ఆర్డర్లు ఆలస్యంగా వచ్చాయి, జూన్‌లో తొలకరి పడ్డాక కాయలు కొన్నాను. నెల తిరక్కుండా జాడీల్లో తెల్లగా బూజు. మా ఇంట్లో పనిచేసే మనిషి తడి గరిటె పెట్టి ఉంటుందని నేను అనుకున్నాను. అనుకుని ఊరుకోలేదు, అన్నాను. వీధిలో నలుగురి ముందూ అన్నాను. ఆమె "నేను పెట్టలేదమ్మా" అని రెండుసార్లు చెప్పి మూడోరోజు నుంచి రావడం మానేసింది. పిల్లలకి జాగ్రత్త చెప్పడానికే ఈ కథంతా చెప్పాను. తడి గరిటె పెట్టకూడదు సుమా అని.

లెక్చరరమ్మ, "కాయలు వానకి తడిసినవా?" అని అడిగింది. అవునన్నాను. "నూనె పైకి తేలి ఉందా?" గుర్తు చేసుకున్నాను. ఆ ఏడాది నూనె ధర పెరిగిందని కాస్త చెయ్యి బిగించాను. పై ముక్కలు పొడిగా కనిపించేవి. అప్పుడు ఆ కలం పిల్ల అడిగింది. "జాడీలు ఎన్ని ఆంటీ?" మూడు. "అన్నిటికీ పట్టిందా?" పట్టింది. "అన్నీ వాడుతున్నవేనా?" కాదు, రెండు అటక మీద వాసెన కట్టినవి కట్టినట్టే ఉన్నాయి. "మరి వాటిలో తడి గరిటె ఎవరు పెట్టారు?"

ఏం చెప్పను? ఆ పిల్ల నన్ను తప్పుపట్టాలని అడగలేదు. ప్రాక్టికల్ రికార్డులో కారణం రాసుకోవడానికి అడిగింది. కాయలోని తడి వల్ల ఉప్పు పలచబడి ఉంటుంది, నూనె తక్కువై పై ముక్కలకి గాలి తగిలి ఉంటుంది అని లెక్చరరమ్మ నెమ్మదిగా చెప్పింది. చూడలేదు కనుక ఖాయంగా అనలేను అని కూడా అంది. నాకు మాత్రం ఖాయమైపోయింది.

అనుభవం అనుభవం అని మనం గొప్పగా చెప్పుకుంటాం. నాకున్నది పదిమందికి పెట్టే అనుభవమే. కానీ ఎందుకో తెలియని అనుభవం తప్పు ఎక్కడ జరిగిందో వెతకలేదు, ఎవరి మీదకో తోసేస్తుంది. ఎందుకో తెలిసిన ఆ లెక్చరరమ్మేమో ఆవాలు చేదెక్కేదాకా చూస్తూ నిలబడింది.

ఇది మనకి కొత్తేమీ కాదు

ఆ రోజు నుంచి ఈ విషయం మీద ఎక్కడ ఏం కనిపించినా చదువుతున్నాను, తెలిసినవాళ్లని అడుగుతున్నాను. పనిచేసేవాళ్లే పాఠం చెప్పడం మనకి ఎప్పటినుంచో ఉందండీ. విజయనగరం సంగీత కళాశాల సంగతి చూడండి. 1919లో మహారాజావారు దాన్ని పెట్టినప్పుడు తొలి అధ్యక్షుడుగా ఎవరిని కూర్చోబెట్టారు? గజ్జె కట్టి ఊరూరా హరికథలు చెప్పే ఆదిభట్ల నారాయణదాసు గారిని. ఫిడేలు నేర్పడానికి కుర్రవాడైన ద్వారం వెంకటస్వామి నాయుడు గారిని. నాయుడు గారు తర్వాత 1936లో ఆ కళాశాలకే ప్రిన్సిపాల్ అయ్యారు, కచేరీలు మాత్రం మానలేదు. ఘంటసాల సంగీతం నేర్చుకున్నది ఆ కళాశాలలోనే. సభలో తప్పు దొర్లితే ఎలా సర్దుకోవాలో సభ ఎక్కినవాడే కదా చెప్పగలడు!

డాక్టర్ల చదువు మొత్తం ఇలాగే నడుస్తుంది. విశాఖపట్నంలో 1923లో మొదలైన ఆంధ్రా మెడికల్ కాలేజీని తీసుకోండి, పక్కనే కింగ్ జార్జి ఆసుపత్రి. కాలేజీలో పాఠం చెప్పే పెద్ద డాక్టర్లే ఆసుపత్రిలో రోగుల్ని చూస్తారు. మా అత్తగారికి పిత్తాశయంలో రాళ్లని ఒక పెద్దాసుపత్రిలో చేర్చినప్పుడు నేను పది రోజులు మంచం పక్కన ఉన్నాను. పొద్దున్నే పెద్ద డాక్టరు గారు, వెనకాల ఎనిమిది మంది పిల్లలు. "ఈవిడకి నొప్పి ఎక్కడ?" అని ఆయన అడగ్గానే అందరూ కేసు షీటులోకి తలలు దూర్చారు. ఆయన షీటు మూసేసి, "కాగితానికి నొప్పి లేదు, ఆవిడని అడగండి" అన్నారు. ఎంత మంచి పాఠం! అయితే ఆ ఎనిమిది మందీ వరసగా పొట్ట నొక్కేసరికి మా అత్తగారు కళ్లనీళ్లు పెట్టుకుంది. పాఠం పిల్లలకి, నొప్పి ఆవిడకి. ఈ సంగతి ఎవరైనా పట్టించుకోవాలి. మర్నాడు నేను ధైర్యం చేసి చెబితే ఆయన ఇద్దరినే దగ్గరికి రానిచ్చారు.

వకీళ్లకీ ఒక ఏర్పాటుంది. మామూలుగా ప్రాక్టీసు చేసే ప్లీడరు ఇంకో జీతం ఉద్యోగం చెయ్యకూడదు. కానీ 1979లో కేంద్ర ప్రభుత్వం చేసిన నియమాల ప్రకారం రోజుకి మూడు గంటలు మించకుండా లా కాలేజీలో పాఠం చెప్పుకోవచ్చు. పొద్దున్న పాఠం, తర్వాత కోర్టు అన్నమాట. కోర్టులో ఆ వారం ఏం జరిగిందో పిల్లలకి వేడివేడిగా తెలుస్తుంది.

మిగతా చదువులకి ఈ గాలి ఆలస్యంగా సోకింది. 2020లో వచ్చిన జాతీయ విద్యా విధానం ఈ మాట గట్టిగా చెప్పింది. 2022 సెప్టెంబరులో యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ 'ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్' అనే పేరుతో మార్గదర్శకాలు ఇచ్చింది. తమ రంగంలో కనీసం 15 ఏళ్లు పనిచేసి, పై స్థాయికి వచ్చి, పేరు తెచ్చుకున్నవాళ్లని కాలేజీలు, విశ్వవిద్యాలయాలు పాఠం చెప్పడానికి పెట్టుకోవచ్చు. డిగ్రీ, పీహెచ్‌డీ తప్పనిసరి కాదు! ఇంజినీరింగు, వ్యాపారం, పత్రికలు, సాహిత్యం, లలిత కళలు, సైన్యం, న్యాయం, ఇలా చాలా రంగాలు అందులో ఉన్నాయి. మొత్తం మంజూరైన పోస్టుల్లో నూటికి 10 మించకూడదు. మొదట ఒక ఏడాదికి తీసుకుంటారు, మామూలుగా మూడేళ్లు, మరీ అవసరమైతే నాలుగో ఏడు. ఇప్పటికే పంతుళ్లుగా ఉన్నవాళ్లూ, రిటైరైన పంతుళ్లూ దీనికి పనికిరారు. ఆ మరుసటేడు, 2023లో, స్థానిక కళాకారుల్నీ చేతిపనివాళ్లనీ కాలేజీలకి పిలిపించడానికి విడిగా ఇంకో మార్గదర్శకాలు వచ్చాయి.

చదివినప్పుడు నాకు చింతకింది మల్లేశం గారు గుర్తొచ్చారు. ఆలేరు ప్రాంతపు చేనేత కుటుంబం, బడి చదువు మధ్యలోనే ఆగింది. పట్టుచీరకి ఆసు పోయడంలో వేలసార్లు చెయ్యి అటూ ఇటూ తిప్పి తల్లి భుజం పడిపోతుంటే చూడలేక ఆసుయంత్రం తయారుచేశారు. ఆ తల్లి పేరే దానికి పెట్టారు, లక్ష్మి అని. 2017లో పద్మశ్రీ వచ్చింది. యంత్రాల చదువు చదివే పిల్లలకి అలాంటివాళ్లు ఒక్క నెల పాఠం చెబితే ఎలా ఉంటుంది? ముందు బాధ ఎక్కడుందో చూసి తర్వాత యంత్రం చెయ్యడం తెలుస్తుంది.

శాలువా సంగతి

మంచి మాటలన్నీ అయ్యాయి. ఇక కడుపులో ఉన్నది చెబుతాను.

ఆ రోజు క్లాసు అయ్యాక నాకు శాలువా కప్పారు, ఫొటో తీశారు, ఒక జ్ఞాపిక ఇచ్చారు. కారం, నూనె, కాయలు, ఆటో, అన్నీ నా చేతి డబ్బు. లెక్చరరమ్మ సిగ్గుపడి మర్నాడు ఆఫీసులో అడిగిందట. గెస్టు లెక్చరు బిల్లు కాగితంలో 'విద్యార్హత' అనే గడి ఉంది. అక్కడ ఇంటర్ అని రాస్తే బిల్లు వెనక్కి వచ్చింది. పీజీ లేకపోతే గెస్టు లెక్చరు కాదట! చివరికి పాపం ఆ అమ్మాయి 'ప్రాక్టికల్ సరుకులు' అని రాసి సగం డబ్బు ఇప్పించింది. పెద్ద ఊళ్లో డిగ్రీ అక్కర్లేదని కాగితం వచ్చినా ఆ కాగితం మన ఊరి గుమాస్తా బల్ల దాకా రావాలి కదండీ.

ఆ 2022 కాగితంలోనూ గౌరవ హోదాలో, అంటే ఉచితంగా వచ్చేవాళ్లని పెట్టుకోవచ్చని ఒక తరగతి ఉంది. రిటైరైన పెద్ద ఆఫీసర్లకి అది సరిపోతుందేమో. మగ్గం మీద కూర్చుంటేనే పొయ్యి వెలిగేవాడికి ఒక రోజు కూలి పోతుంది. శాలువాతో బియ్యం రావు.

అటు లెక్చరరమ్మ భయమూ వినాలి. ఆ అమ్మాయిది కాంట్రాక్టు ఉద్యోగం. పీహెచ్‌డీ చేసి పర్మనెంటు కోసం ఏళ్ల తరబడి చూస్తోంది. "పిన్నిగారూ, బయటివాళ్లని తెచ్చామని చెప్పి అసలు పోస్టులు నింపకపోతే మా గతి ఏమిటి?" అంది. నిజమే. నేను ఒక్క పూట వచ్చి చేసి చూపిస్తాను. ఏడాది పొడుగునా పిల్లల రికార్డులు దిద్దేది, వెనకబడ్డ పిల్లని పక్కన కూర్చోబెట్టుకునేది ఆ అమ్మాయి. పని బాగా వచ్చినవాళ్లంతా బాగా చెప్పలేరు కూడా. మా మేనమామ మంచి టైలరు, ఎవరైనా నేర్పమంటే కసురుకుంటాడు. నన్ను ఆ గదిలో ఒంటరిగా వదిలేసి ఉంటే "మా అత్తగారు చెప్పారు" దగ్గరే పాఠం అయిపోయేది.

అమ్మాయిల్ని కాలేజీలో చేర్పించేటప్పుడు మనం ఫీజు అడుగుతాం, బస్సు ఉందా అని అడుగుతాం, హాస్టల్లో భోజనం అడుగుతాం. ఇంకొకటి కూడా అడగండి. నర్సింగు అయితే సొంత ఆసుపత్రి ఉందా, అందులో నిజంగా రోగులున్నారా, పాఠం చెప్పే సిస్టర్లు వార్డులో పనిచేసినవాళ్లా, ఇప్పటికీ వార్డుకి వెళ్తారా అని. హోటల్ చదువు అయితే వంట నేర్పేవాళ్లు ఏ వంటింట్లో చెమటోడ్చారో అడగండి. అడిగితే చెప్పరేమో అని మొహమాటపడకండి. మంచి కాలేజీవాళ్లు సంతోషంగా చూపిస్తారు. చూపించనివాళ్ల సంగతి మీకే తెలుస్తుంది.

మీలో కుట్టుపని వచ్చినవాళ్లు, మగ్గం వర్కు, అద్దకం, వడియాలు అప్పడాలు, ఏ పని అయినా పదేళ్లు అమ్మకానికి చేసినవాళ్లు ఉంటే, మీ ఊరి హోం సైన్సు, ఫ్యాషను, ఫుడ్ సైన్సు లెక్చరర్లతో ఒకసారి మాట్లాడండి. ప్రొఫెసర్ పదవి మనకి రాదు, దాని లెక్కలు వేరు. ఒక పూట ప్రాక్టికల్‌కి పిలవచ్చు. వెళ్లే ముందు సరుకుల ఖర్చూ, మీ రోజు కూలీ కాగితం మీద రాయించుకోండి. మొహమాటపడితే నాలాగే శాలువా మడతపెట్టి బీరువాలో పెట్టుకోవాలి.

కిందటేడు మళ్లీ పిలిచారు. ఈసారి వెళ్లే ముందు నేను ఆ పనిమనిషి ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాను. తొమ్మిదేళ్లయింది ఆమె మా ఇల్లు మానేసి. ఇప్పుడు సీజనులో మార్కెట్ దగ్గర కూర్చుని కాయకి ఇంత అని మామిడికాయలు కొడుతోంది. నేను తప్పు ఒప్పుకున్నాను. ఎలా తెలిసిందో కూడా చెప్పాను, అటక మీది జాడీల సంగతి. ఆమె కత్తి ఆపకుండానే, "అప్పుడే చెప్పాను కదమ్మా" అంది. అంతే. నాకు ఇంకేం మాట్లాడాలో తెలియలేదు. కాసేపు ఆమె చెయ్యే చూస్తూ నిలబడ్డాను. ప్రతి ముక్కకీ టెంక అతుక్కునే వచ్చేలా ఒక్క దెబ్బకి కొడుతోంది. నాకు ఇప్పటికీ పదిలో మూడు ముక్కలు టెంక ఊడిపోతాయి. టెంక ఊడిన ముక్క మెత్తబడిపోతుంది, మీకు తెలుసు.

కాలేజీకి వస్తావా, పిల్లలకి కొట్టి చూపిస్తావా అని అడిగాను. "శాలువాలవీ నాకొద్దమ్మా, కూలి ముందే ఇప్పించండి" అంది. శాలువా కథ ఆమెకి ఎవరు చెప్పారో! లెక్చరరమ్మ ముందే ఇప్పించింది. ఆఫీసు కాగితంలో ఏ గడిలో ఏం రాసిందో నేను అడగలేదు.

ఆమె ఆ రోజు నలభై కాయలు కొట్టింది. పిల్లలు చుట్టూ మూగి, కత్తి ఏ కోణంలో పడుతోందో, కాయ ఎటు తిప్పి పెడుతోందో ఫోన్లలో తీసుకున్నారు. ఒక పిల్ల కొత్తగా చేరినట్టుంది, "టెంక ఎందుకు ఉండాలి అక్కా?" అని అడిగింది. ఆమె నావైపు చూసింది. నేను లెక్చరరమ్మ వైపు చూశాను. లెక్చరరమ్మ సుద్దముక్క తీసుకుంది.